రొమ్ము క్యాన్సర్ చికిత్సలో ఎముకల లెక్క: విటమిన్ డి చేసే పని, చేయని పని

కోల్‌కతా తూర్పు అంచున ఉన్న సాల్ట్ లేక్ ఒకప్పుడు పేరుకు తగ్గట్టే ఉప్పునీటి చిత్తడి నేల. 1960లలో హుగ్లీ నది ఒండ్రుతో ఆ నేలను పూడ్చి కొత్త పట్నం కట్టారు. ఆ పని తలపెట్టిన ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ స్వయంగా పేరుమోసిన వైద్యుడు. ఆయన పేరుమీదే ఊరు బిధాన్‌నగర్ అయింది. ఇప్పుడు సాల్ట్ లేక్, దాన్ని ఆనుకుని ఉన్న న్యూటౌన్ కలిసి తూర్పు భారతంలో క్యాన్సర్ రోగులు ఎక్కువగా చేరుకునే ప్రాంతంగా మారాయి. టాటా మెడికల్ సెంటర్ 2011లో న్యూటౌన్‌లో మొదలైంది. చిత్తరంజన్ జాతీయ క్యాన్సర్ సంస్థ తన రెండో ప్రాంగణాన్ని 2022లో అక్కడే తెరిచింది. బెంగాల్ జిల్లాలతో పాటు జార్ఖండ్, ఈశాన్య రాష్ట్రాలు, బంగ్లాదేశ్ నుంచి కూడా రోగులు వస్తారు. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో, టీటాఘర్ జూట్ మిల్లుల చుట్టుపక్కల తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా పెద్ద జబ్బు వస్తే కోల్‌కతాయే దిక్కు.

ఇలా వచ్చేవారిలో రొమ్ము క్యాన్సర్ ఉన్న మహిళలు చాలామంది. దేశం మొత్తం మీద 2022లో సుమారు 1.92 లక్షల మందికి కొత్తగా ఈ జబ్బు వచ్చిందని గ్లోబోకాన్ అంచనా. మన మహిళల్లో ఇది పాశ్చాత్య దేశాల కంటే దాదాపు పదేళ్లు ముందుగా కనిపిస్తుంది. అంటే నలభైల్లో, యాభైల్లో. ముందుగా పట్టుబడి సరైన చికిత్స అందితే ఆ తర్వాత ఇరవై, ముప్పై ఏళ్ల జీవితం మిగిలి ఉంటుంది. ఆ ఏళ్లన్నీ మోయవలసింది ఎముకలే. చికిత్సలో కొంత భాగం ఆ ఎముకలనే తినేస్తుంది. దీనికి విటమిన్ డి లోపం తోడైతే ఏమవుతుంది, ఆ లోపాన్ని సరిచేస్తే ఏది బాగుపడుతుంది, ఏది బాగుపడదు అన్నది ఈ వ్యాసం విషయం.

ఎండ ఉన్నా ఎందుకీ లోటు?

విటమిన్ డి పేరుకే విటమిన్. నిజానికి అది మన చర్మం తయారుచేసుకునే హార్మోనుకు ముడిసరుకు. చర్మంలో 7-డీహైడ్రోకొలెస్టరాల్ అనే పదార్థం ఉంటుంది. సూర్యకాంతిలోని అతినీలలోహిత-బి కిరణాలు తగిలితే అది విటమిన్ డి3 అవుతుంది. ఆ డి3 కాలేయానికి వెళ్లి 25-హైడ్రాక్సీ విటమిన్ డి అవుతుంది. రక్తపరీక్షలో కొలిచేది దీన్నే. చివరగా మూత్రపిండాల్లో ఇంకో మార్పు జరిగి, పనిచేసే రూపం తయారవుతుంది.

కర్కటరేఖకు కాస్త దిగువనున్న కోల్‌కతాలో ఎండకు కొరత లేదు. ఇంకా దక్షిణాన ఉన్న తిరుపతిలో అసలే లేదు. అందుకే తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన సి.వి. హరినారాయణ్, సహచరులు చేసిన పని ఇక్కడ చెప్పుకోదగ్గది. 7-డీహైడ్రోకొలెస్టరాల్‌ను ఆంప్యూల్స్‌లో నింపి, రోజులో వేర్వేరు వేళల్లో, ఏడాది పొడవునా ఎండలో పెట్టి చూశారు. ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 గంటల మధ్యనే మార్పు బాగా జరిగింది. పొద్దుటి లేత ఎండ మంచిదని మన ఇళ్లలో చెప్పే మాట విటమిన్ డి విషయంలో పెద్దగా నిలబడదు. సూర్యుడు వాలుగా ఉన్నప్పుడు కిరణాలు వాతావరణంలో ఎక్కువ దూరం ప్రయాణించాలి. పనికొచ్చే కిరణాలు దారిలోనే ఆగిపోతాయి.

అదే బృందం 2008లో ప్రచురించిన ఆంధ్రప్రదేశ్ అధ్యయనంలో మరో సంగతి బయటపడింది. పొలం పనులు చేసే గ్రామీణ మహిళల్లోనూ సుమారు 70 శాతం మందికి లోపం ఉంది. పట్నం మహిళల్లో అది 75 శాతం. తేడా అంత తక్కువగా ఉండడం ఆలోచింపజేస్తుంది. చీర, జాకెట్టు, తలమీద కొంగు పోగా ఎండ తగిలే చర్మం ఎంత? మన చర్మంలోని మెలనిన్ ఆ కిరణాల్లో కొంత భాగాన్ని మింగేస్తుంది. పైగా తిండిలో కాల్షియం తక్కువ, ధాన్యాల్లోని ఫైటేట్లు ఎక్కువ. కాల్షియం చాలనప్పుడు శరీరం విటమిన్ డి నిల్వలను త్వరగా ఖర్చు చేస్తుంది.

పెద్ద నగరాలకు పొగ అదనం. 2002లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఢిల్లీలో కాలుష్యం ఎక్కువగా ఉండే మోరీ గేట్ ప్రాంతపు చిన్నపిల్లలను, అప్పట్లో గాలి శుభ్రంగా ఉన్న గుర్‌గావ్ పిల్లలను పోల్చింది. మొదటివారి రక్తంలో విటమిన్ డి సగటున మిల్లీలీటరుకు 12.4 నానోగ్రాములు, రెండోవారిలో 27.1. చలికాలం పొగమంచు ముసిరే కోల్‌కతాకు కూడా ఈ పాఠం వర్తిస్తుంది. అపార్ట్‌మెంట్లో కిటికీ అద్దం వెనక కూర్చుని ఎండ కాచుకున్నా లాభం లేదు. మామూలు గాజు ఆ కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది.

ఇక క్యాన్సర్ చికిత్సలో ఉన్న మనిషికి ఎండ మరింత దూరం. కీమోథెరపీ మందుల్లో కొన్ని చర్మాన్ని ఎండకు తట్టుకోలేనట్టు చేస్తాయి. రేడియేషన్ పడిన చోట ఎండ తగలకూడదని చెబుతారు. జుట్టు రాలినవారు తల కప్పుకుంటారు. నీరసంతో నెలల తరబడి ఇంట్లోనే ఉంటారు. మన దేశంలో రొమ్ము క్యాన్సర్ రోగుల్లో కొలిచిన చోట్ల విటమిన్ డి లోపం విస్తారంగా కనిపించడంలో వింతేమీ లేదు. పక్కింటి ఆరోగ్యవంతురాలి రక్తం పరీక్షించినా చాలాసార్లు అదే ఫలితం వస్తుంది. ఈ మాట గుర్తుంచుకోవాలి. దీని అవసరం ముందు ముందు వస్తుంది.

లోపం ఎముకను ఏం చేస్తుంది?

ఎముకను సిమెంటు గోడలా ఊహించుకుంటాం. అది ప్రాణమున్న కణజాలం. ఆస్టియోక్లాస్టులనే కణాలు పాత ఎముకను కొరికి తీసేస్తుంటాయి. ఆస్టియోబ్లాస్టులనే కణాలు ఆ గుంతల్లో కొత్త ఎముక పోస్తుంటాయి. ఇది జీవితాంతం జరిగే మరమ్మతు. కొత్తగా పోసింది మొదట మెత్తని ప్రొటీన్ పొరలా ఉంటుంది. అందులోకి కాల్షియం, ఫాస్ఫేట్ చేరాకే గట్టిపడుతుంది.

విటమిన్ డి ముఖ్యమైన పని పేగుల్లో కాల్షియంను పీల్చుకునేలా చేయడం. అది చాలినంత ఉంటే తిన్న కాల్షియంలో 30 నుంచి 40 శాతం ఒంట పడుతుంది. లేకపోతే 10 నుంచి 15 శాతమే. అప్పుడు రక్తంలో కాల్షియం తగ్గిపోవాలి, కానీ శరీరం దాన్ని తగ్గనివ్వదు. గుండె కొట్టుకోవడానికి, కండరం కదలడానికి, నరాలు పనిచేయడానికి అది కచ్చితమైన మోతాదులో ఉండి తీరాలి. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోను విడుదల చేసి, ఎముకల్లోని కాల్షియంను బయటికి లాగుతాయి. ఎముక మన కాల్షియం ఖజానా. రోజువారీ ఖర్చుకు రాబడి లేకపోతే ఖజానా కరుగుతుంది. రక్తపరీక్షలో కాల్షియం మామూలుగా కనిపించినంత మాత్రాన లోపల అంతా బాగున్నట్టు కాదు.

ఇక్కడ రెండు జబ్బులను వేరుగా చూడాలి. వైద్యులు కూడా కొన్నిసార్లు కలగలిపి మాట్లాడతారు. ఎముక పరిమాణమే తగ్గి గుల్లబారడం ఆస్టియోపోరోసిస్. ఎముక ఉన్నా కాల్షియం చేరక మెత్తబడడం ఆస్టియోమలేసియా. మొదటిది విరిగేదాకా నొప్పి తెలియనివ్వదు. రెండోది ఒళ్లంతా సలుపుతుంది, తొడ కండరాలు బలహీనమై పీటమీంచి లేవడమే కష్టమవుతుంది. రొమ్ము క్యాన్సర్ చికిత్స మొదటిదాన్ని తెస్తుంది. తీవ్రమైన విటమిన్ డి లోపం రెండోదాన్ని తెస్తుంది. మన మహిళల్లో రెండూ ఒకే ఒంట్లో కలిసే అవకాశం ఎక్కువ.

ఆ ఒళ్లునొప్పులకు మరో అర్థం కూడా ఉంది. రొమ్ము క్యాన్సర్ తిరగబెడితే ఎక్కువగా చేరే చోట్లలో ఎముక ఒకటి. అందుకే చికిత్స పూర్తయిన మహిళకు నడుము నొప్పి వస్తే ఇంటిల్లిపాదీ హడలిపోతారు. కొందరికి స్కాన్‌లో క్యాన్సర్ జాడ ఉండదు, విటమిన్ డి మాత్రం అడుగంటి ఉంటుంది. అలాగని రక్తపరీక్ష చూసి ధైర్యం తెచ్చుకుని స్కాన్ మానేయడం కూడా తప్పే. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది లేదని కాదు.

చికిత్స ఎముకను తినే తీరు

ఎముకకు ఈస్ట్రోజన్ కాపలా. ఎముకను కొరికే కణాలను అది అదుపులో ఉంచుతుంది. బహిష్టులు ఆగిన తర్వాత మామూలుగానే ఏటా 1 నుంచి 2 శాతం ఎముక తగ్గుతూ వస్తుంది.

మన దేశంలో సగానికి పైగా రొమ్ము క్యాన్సర్లు హార్మోన్ గ్రాహకాలు ఉన్న రకం. వాటి పెరుగుదలకు ఈస్ట్రోజన్ ఊతమిస్తుంది. కనుక ఆ హార్మోనును అడ్డుకోవడం చికిత్సలో ప్రధాన భాగం. బహిష్టులు ఆగిన మహిళల్లో అండాశయాలు ఈస్ట్రోజన్ తయారు చేయవు. అయినా కొవ్వులో, కండరాల్లో అరోమటేజ్ అనే ఎంజైము కొద్దికొద్దిగా తయారు చేస్తూనే ఉంటుంది. లెట్రోజోల్, అనస్ట్రోజోల్, ఎగ్జిమెస్టేన్ మాత్రలు ఆ ఎంజైమును కట్టేస్తాయి. మిగిలిన ఆ కాస్త ఈస్ట్రోజన్ కూడా పోతుంది. క్యాన్సర్‌కు అది మంచి దెబ్బ. ఎముకకూ దెబ్బే. ఈ మాత్రలు వాడేవారిలో నష్టం ఏటా 2 నుంచి 3 శాతం. మాత్ర ఐదేళ్లు వాడాలి, కొందరు ఇంకా ఎక్కువ కాలం వాడాలి.

ఇంకా బహిష్టులు ఆగని మహిళల పరిస్థితి మరీ కష్టం. కీమోథెరపీ వల్ల, ముఖ్యంగా సైక్లోఫాస్ఫమైడ్ వల్ల, అండాశయాలు ఉన్నట్టుండి పనిచేయడం మానేయవచ్చు. కొందరికి ఇంజెక్షన్లతో కావాలనే వాటిని నిద్రపుచ్చుతారు. పదేళ్లలో నెమ్మదిగా జరగాల్సింది కొన్ని నెలల్లో జరిగిపోతుంది. తొలి ఏడాదిలోనే వెన్నుపూసల సాంద్రత 7 శాతం దాకా పడిపోవచ్చు. నలభై రెండేళ్ల మనిషి వెన్ను ఒక్క ఏడాదిలో ఎన్నో ఏళ్లు పెద్దదవుతుందన్నమాట. ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. ఇటలీలోని మిలన్‌లో బొనడొన్నా బృందం 1976లో ఫలితాలు ప్రకటించి, ప్రపంచమంతా వాడిన తొలి కలగలుపు కీమోథెరపీలో సైక్లోఫాస్ఫమైడ్‌తో పాటు మెథోట్రెక్సేట్ కూడా ఉంది. ఆ మందు పుట్టిన లెడర్లీ ప్రయోగశాల పరిశోధనలకు సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

టామాక్సిఫెన్ తీరు విచిత్రంగా ఉంటుంది. రొమ్ములో ఈస్ట్రోజన్‌ను అడ్డుకునే ఈ మందు ఎముకలో ఈస్ట్రోజన్‌లా పనిచేస్తుంది. బహిష్టులు ఆగినవారి ఎముకను అది కొంత కాపాడుతుంది. ఆగనివారిలో మాత్రం వారి సొంత ఈస్ట్రోజన్ ఇంతకంటే బలమైనది కనుక, టామాక్సిఫెన్ దాని చోటు ఆక్రమించి ఎముకకు కొంత నష్టమే చేస్తుంది.

ఈ తేడాను లెక్కలతో చూపింది అటాక్ అనే అంతర్జాతీయ పరీక్ష. బహిష్టులు ఆగిన 9,366 మంది మహిళల మీద అనస్ట్రోజోల్, టామాక్సిఫెన్‌లను పరీక్షించారు. 2005లో ప్రచురించిన ఫలితాల ప్రకారం సుమారు ఐదున్నరేళ్లలో అనస్ట్రోజోల్ వాడినవారిలో 11 శాతం మందికి, టామాక్సిఫెన్ వాడినవారిలో 7.7 శాతం మందికి ఎముకలు విరిగాయి. క్యాన్సర్‌ను ఆపడంలో మాత్రం అనస్ట్రోజోల్‌దే పైచేయి. కాబట్టి ఎముకలకు భయపడి మాత్ర మానేయడం సరైన దారి కాదు. మాత్ర వాడుతూనే ఎముకను కాపాడుకోవాలి.

ముందు విటమిన్ డి, తర్వాత ఇంజెక్షన్

నా దృష్టిలో ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇది. దీని గురించి మన దగ్గర చర్చ తక్కువ.

ఎముకను కాపాడేందుకు వైద్యులు వాడే ప్రధానమైన మందు జోలెడ్రోనిక్ యాసిడ్. ఆరు నెలలకోసారి సెలైన్‌లో కలిపి నరంలోకి ఎక్కిస్తారు. ఎముకను కొరికే కణాలను అది పడగొడుతుంది. దీనికి మరో ప్రయోజనం కూడా ఉంది. 18,766 మంది మహిళల సమాచారాన్ని కలిపి 2015లో లాన్సెట్‌లో ప్రచురించిన విశ్లేషణలో, బహిష్టులు ఆగినవారిలో ఈ రకం మందులు క్యాన్సర్ ఎముకకు పాకే అవకాశాన్ని నాలుగోవంతుకు పైగా తగ్గించాయి. రొమ్ము క్యాన్సర్ మరణాలను కూడా కొంత తగ్గించాయి. 1889లో లండన్ సర్జన్ స్టీఫెన్ పేజెట్, రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది శవపరీక్షల వివరాలు పరిశీలించి, క్యాన్సర్ కణం విత్తనమైతే అవయవం నేల అని, ప్రతి నేలలోనూ ప్రతి విత్తనం మొలవదని వాదించాడు. ఎముక అనే నేలను మారిస్తే విత్తనం మొలవడం తగ్గుతుందని ఈ విశ్లేషణ సూచిస్తుంది.

ఇప్పుడు విటమిన్ డి దారుణంగా పడిపోయిన మహిళకు ఈ మందు ఇస్తే ఏమవుతుందో చూడండి. ఆమె పేగులు కాల్షియం సరిగా పీల్చుకోవడం లేదు. రక్తంలో కాల్షియం నిలబడుతున్నది ఎముకను కరిగించడం వల్లనే. జోలెడ్రోనిక్ యాసిడ్ ఆ కరగడాన్ని ఒక్కసారిగా ఆపేస్తుంది. ఖజానాకు తాళం పడింది, బయటి రాబడి లేదు. రెండు మూడు రోజుల్లో రక్తంలో కాల్షియం జారిపోతుంది. మూతి చుట్టూ, వేళ్ల చివర్లలో తిమ్మిరి, చేతులు కొంకర్లు పోవడం, తీవ్రమైతే మూర్ఛ, గుండె లయ తప్పడం. అప్పటికి ఆమె ఆసుపత్రి నుంచి ఇంటికి చేరి ఉంటుంది, బహుశా రైల్లో ఉంటుంది. అక్కడ ఎవరికీ ఆ తిమ్మిరి అర్థం తెలియదు. డెనోసుమాబ్ అనే మరో ఇంజెక్షన్‌తోనూ ఇదే ప్రమాదం.

దీన్ని తప్పించడానికి పెద్ద ఖర్చు లేదు. ఇంజెక్షన్ ముందు 25-హైడ్రాక్సీ విటమిన్ డి, కాల్షియం, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షలు చేసి, లోపాన్ని పూడ్చాక మందు ఇవ్వడమే. రక్తంలో తగ్గిన కాల్షియంను సరిచేయకుండా ఈ మందు మొదలుపెట్టవద్దని మందు సమాచార పత్రంలోనే ఉంటుంది. లోపం పూడడానికి కొన్ని వారాలు పడుతుంది. కనుక హార్మోన్ మాత్ర రాసిన రోజునే ఈ పరీక్ష కూడా రాస్తే సమయం కలిసివస్తుంది. మీ కుటుంబంలో ఎవరికైనా ఈ ఇంజెక్షన్ చెప్పి ఉంటే, “డాక్టరుగారూ, విటమిన్ డి, కాల్షియం చూశారా?” అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ఎంత ఉంటే చాలు? 2011లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు ఎముకకు చాలన్నది. అదే ఏడాది ఎండోక్రైన్ సొసైటీ 30 ఉండాలన్నది. 2024లో ఆ సొసైటీయే 30 అన్న గీతను వదులుకుంది. ల్యాబ్ రిపోర్టుల్లో ఇంకా 30 కింద ఎర్ర అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. 27 వచ్చినామె భయపడనవసరం లేదు. 8 వచ్చినామె విషయం వేరు.

మరి క్యాన్సర్‌కే మందు కాదా?

వాట్సాప్‌లో తిరిగే మాట ఇదే: విటమిన్ డి ఎక్కువగా ఉంటే క్యాన్సర్ రాదు, వచ్చినా తిరగబెట్టదు. ఈ మాటకు పునాది లేకపోలేదు. 2009లో టొరంటోకు చెందిన పమేలా గుడ్‌విన్ బృందం 512 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల సమాచారం ప్రచురించింది. జబ్బు బయటపడినప్పుడు విటమిన్ డి లోపం ఉన్నవారిలో, అది చాలినంత ఉన్నవారితో పోలిస్తే, క్యాన్సర్ దూరపు అవయవాలకు పాకడం దాదాపు రెట్టింపుగా కనిపించింది. ప్రయోగశాలలో క్యాన్సర్ కణాల మీద విటమిన్ డి చురుకైన రూపం వేస్తే వాటి పెరుగుదల మందగిస్తుంది. 2010లో సిడ్నీ పరిశోధకులు విటమిన్ డి లోపం ఉన్న ఎలుకల ఎముకల్లో మానవ రొమ్ము క్యాన్సర్ కణాలు వేగంగా పెరిగాయని చూపారు.

ఇంతవరకూ వినడానికి బాగానే ఉంది. అయితే రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని చెప్పలేం. స్థూలకాయం ఉన్నవారిలో విటమిన్ డి కొవ్వులోకి చేరిపోయి రక్తంలో తక్కువగా కనిపిస్తుంది. స్థూలకాయం రొమ్ము క్యాన్సర్‌కు కూడా చేటు. జబ్బు ముదిరి మంచం పట్టినవారు ఎండలోకి రారు. ముందే అనుకున్నట్టు మన దేశంలోనైతే ఆరోగ్యవంతుల్లో కూడా లోపం అంతే ఉంది. అందరికీ ఉన్నదాన్ని కొందరి జబ్బుకు కారణంగా చూపడం కష్టం. చీటీ వేసినట్టు మనుషుల్ని రెండు గుంపులుగా విడదీసి, ఒకరికి విటమిన్, మరొకరికి ఉత్త మాత్ర ఇచ్చి చూస్తేనే నిజం తేలుతుంది.

అలాంటి పరీక్షలు జరిగాయి. అమెరికాలో 25,871 మందికి రోజూ 2,000 యూనిట్ల డి3, లేదా ఉత్త మాత్ర ఇచ్చి ఐదేళ్లకు పైగా గమనించిన వైటల్ పరీక్షలో క్యాన్సర్ రావడం తగ్గలేదు. రొమ్ము క్యాన్సర్ కూడా తగ్గలేదు. 2022లో అదే పరీక్ష నుంచి మరో ఫలితం వచ్చింది: ఎముకలు విరగడం కూడా తగ్గలేదు.

ఈ రెండో ఫలితం చూసి విటమిన్ డి ఎముకలకూ పనికిరాదని పత్రికలు రాశాయి. కాస్త ఆగి చూడాలి. ఆ పరీక్షలో చేరినవారికి మొదటినుంచే సగటున 30 నానోగ్రాములు ఉన్నాయి. కడుపు నిండినవాడికి మరో ముద్ద పెట్టి బలం రాలేదంటే ఏం చెబుతాం? 10 లోపు ఉన్న మన మహిళ, అందులోనూ ఈస్ట్రోజన్ మొత్తం పోగొట్టుకున్న మహిళ, ఆ పరీక్షలో లేదు. ఆ ఫలితం మనకు చెప్పేది ఒక్కటే. చాలినంత ఉన్నవారికి ఇంకా పోస్తే లాభం లేదు.

లెట్రోజోల్ వంటి మాత్రలతో వచ్చే కీళ్ల నొప్పులకు ఎక్కువ మోతాదు విటమిన్ డి ఇచ్చి చూసిన పరీక్షల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. లోపముంటే పూడ్చడం వరకే సమంజసం.

సాషే, రాగులు, పులస

మందుల షాపులో 60,000 యూనిట్ల సాషే తేలిగ్గా దొరుకుతుంది. లోపం ఉన్నవారికి వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు ఇవ్వడం మన దగ్గర వాడుక. వారానికొకటి అన్నది రోజుకొకటిగా అర్థమైతేనే చిక్కు. విటమిన్ డి కొవ్వులో కరిగి నిల్వ ఉంటుంది, మూత్రంలో సులువుగా పోదు. అతిగా చేరితే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరిగి, వాంతులు, మలబద్ధకం, అయోమయం, మూత్రపిండాలు దెబ్బతినడం దాకా వెళ్తుంది. క్యాన్సర్ ఎముకలకు పాకినవారిలో కూడా కాల్షియం పెరగవచ్చు. రెండూ కలిస్తే ఏది దేనివల్లో తేల్చడం వైద్యుడికీ కష్టం. ఒక్కసారే పెద్ద మోతాదు వేసుకుంటే సరిపోతుందన్న ఆలోచనా మంచిది కాదు. ఆస్ట్రేలియాలో 2,256 మంది పెద్దవయసు మహిళల్లో కొందరికి ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు, మిగతావారికి ఉత్త మందు ఇచ్చి చూస్తే, విటమిన్ అందుకున్నవారే ఎక్కువగా పడ్డారు, ఎక్కువగా ఎముకలు విరగ్గొట్టుకున్నారు. 2010లో ఈ ఫలితం వచ్చినప్పుడు పరిశోధకులకే ఆశ్చర్యం కలిగింది.

విటమిన్ డి ఇచ్చి కాల్షియం మరిచిపోతే ఇటుకలు లేకుండా మేస్త్రీని పిలిచినట్టే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం పెద్దవారికి రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి, బహిష్టులు ఆగిన మహిళలకు 1,200. వంద గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాములు, వంద గ్రాముల పాలలో 120 వరకు ఉంటాయి. తోటకూర, నువ్వులు, పెరుగు కలుపుకుంటే మాత్ర అవసరం తగ్గుతుంది. సంగటి తినే రాయలసీమ ఇంటికీ, మెతుకు తప్ప మరోటి ముట్టని డెల్టా ఇంటికీ ఇక్కడ పెద్ద తేడా ఉంటుంది.

చేపల సంగతి కోల్‌కతాలో తప్పకుండా అడుగుతారు. మన గోదావరి పులస, వాళ్ల ఇలిష్ ఒకటే జాతి. కొవ్వున్న చేప కనుక విటమిన్ డి కొంత ఉంటుంది. కానీ అది ఏడాదిలో కొన్నాళ్లు, అదీ కొనగలిగినవారికి. రోజూ తినేది రుయి, కాట్లా. అవి చాలావరకు ఆంధ్ర చెరువుల నుంచే ఐసు పెట్టెల్లో హౌరా మార్కెట్‌కు చేరతాయి. వాటితో ప్రొటీన్ బాగా అందుతుంది. లోపాన్ని పూడ్చేంత విటమిన్ డి మాత్రం చేపలకూరతో రాదు.

నడక, చిన్నపాటి బరువులు ఎత్తడం ఎముకకు మేలు. చంక కింద గ్రంథులు తీసినవారు బరువుల విషయంలో ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు నడుచుకోవాలి.

కొలవడం, ఆ తర్వాత

ఎముక సాంద్రతను డెక్సా అనే తక్కువ మోతాదు ఎక్స్‌రేతో కొలుస్తారు. పదిహేను నిమిషాల పని. ఆరోగ్యవంతురాలైన యువతి ఎముకతో పోల్చి టి-స్కోరు ఇస్తారు. మైనస్ 2.5, అంతకంటే కిందికి ఉంటే ఆస్టియోపోరోసిస్ అని 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత గీసింది. అరోమటేజ్ మాత్ర వాడేవారిలో అంత కిందికి పడేదాకా ఆగరు. మైనస్ 2 దగ్గరే, లేదా వయసు, మునుపటి విరుగుడు, స్టెరాయిడ్ల వాడకం వంటి ప్రమాదాలు కలిసినప్పుడే మందు మొదలుపెట్టాలని అంతర్జాతీయ నిపుణుల సూచన. మాత్ర మొదలుపెట్టేటప్పుడు ఒకసారి, తర్వాత ఏడాదికో రెండేళ్లకో మరోసారి ఒకే యంత్రం మీద చేయిస్తే మార్పు సరిగ్గా తెలుస్తుంది.

తెలుగువారికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కుంది. నల్గొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరైడ్ ప్రాంతాల్లో పెరిగినవారి ఎముకల్లో ఫ్లోరైడ్ పేరుకుని ఉండవచ్చు. అలాంటి ఎముక డెక్సాలో దిట్టంగా కనిపిస్తుంది, నిజానికి పెళుసు. టి-స్కోరు బాగుందని అక్కడితో ఆగకూడదు. దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి 1937లో నమోదు చేసింది కూడా అప్పటి నెల్లూరు జిల్లాలోనే. కోల్‌కతాలో చికిత్స చేసే వైద్యుడికి రోగి ఏ ఊరి నీళ్లు తాగి పెరిగిందో తెలియదు. ఆ మాట రోగో, ఇంట్లోవాళ్లో చెప్పాలి.

ఎముక ఇంజెక్షన్లకు ముందు పళ్ల డాక్టరు దగ్గరికీ వెళ్లాలి. ఈ మందులు వాడుతున్న కాలంలో పన్ను పీకితే కొద్దిమందిలో దవడ ఎముక మానక కుళ్లుతుంది. చిగుళ్లు దెబ్బతిన్నవారిలో ఈ ప్రమాదం ఎక్కువ. జర్దా, కిళ్లీ, గుట్కా అలవాటున్న చోట చిగుళ్లు బాగున్నవారు ఎందరు? పీకాల్సిన పళ్లు ముందే పీకించి, పుండు మానాక ఇంజెక్షన్ మొదలుపెడతారు.

ఇంకొకటి దూరం నుంచి వచ్చేవారికి. జోలెడ్రోనిక్ యాసిడ్ ఎముకకు అతుక్కుని ఏళ్ల తరబడి ఉంటుంది. ఒక మోతాదు నెల ఆలస్యమైనా పెద్ద నష్టం లేదు. డెనోసుమాబ్ అలా కాదు. ఆరు నెలలకు దాని ప్రభావం తీరిపోగానే, అణిచిపెట్టిన ఎముక కణాలు ఒక్కసారిగా విజృంభిస్తాయి. మోతాదు తప్పినవారిలో, ఉన్నట్టుండి మానేసినవారిలో ఒకటికి మించి వెన్నుపూసలు కుంగిన సందర్భాలున్నాయి. ఆపాలనుకుంటే జోలెడ్రోనిక్ వంటి మరో మందుతో కప్పి ఆపాలి. ఖరగ్‌పూర్ నుంచో, రాంచీ నుంచో రైలెక్కి రావాల్సినవారు మొదటి సూది వేయించుకునే ముందే, ఆరు నెలల తర్వాత రెండోది ఎక్కడ, ఎవరు వేస్తారో తేల్చుకుని, ఆ తేదీని కాగితం మీద రాయించుకోవాలి.